సేనాపతి కత్తి, జక్కయ్య చెట్టు



"భారతీయుడు" చిత్రంలోని సేనాపతి మంచివాడా, చెడ్డవాడా? 1996లో శంకర్ దర్శకత్వంలో కమల్ హాసన్ నటించిన ఆ చిత్రాన్ని మీలో చాలామంది చూసే వుంటారు. నేతాజీ సైన్యంలో పోరాడిన సేనాపతి లంచం ఇవ్వనన్నందుకు, ఒళ్లు కాలిన ఆయన కూతురు సకాలంలో వైద్యం అందక కన్నుమూస్తుంది. ఆపైన ఆయన కత్తి పట్టి లంచగొండులను ఒక్కొక్కరినే చంపుతాడు. లంచం పుచ్చుకొని, బ్రేకులు సరిగా లేని బస్సుకు అనుమతి ఇచ్చి పసిపిల్లల చావుకు కారకుడైన కన్నకొడుకును సైతం విడిచిపెట్టడు. "న్యాయమంటే అదీ!" అని హాలులో ఈలలు.

ఆయన కోపంలో ధర్మం వుంది. అన్యాయాన్ని చూసి రగలని గుండె మంచి గుండె కాదు. శిక్ష కోరడం ఎల్లవేళలా పాపం కాదని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. తప్పు చేసినవాడు మారాలనీ, ఇతరులకు రక్షణ కలగాలనీ కోరితే అది ధర్మమే. అతడు బాధపడితే చాలుననుకుంటే అది పాపం. దుర్మార్గుణ్ణి చంపే అధికారం ఏ వ్యక్తికీ సొంతంగా లేదని కూడా ఆయన స్పష్టం చేశారు.

ఎందుకు లేదు? సేనాపతి తానే బాధితుడు, తానే న్యాయాధిపతి, తానే తలారి. సినిమాలో దోషి ఎవరో మనకు ముందే చూపిస్తారు. నిజజీవితంలో ఆ కత్తి అమాయకుడి మీద దిగితే తీర్పును సరిదిద్దేదెవరు?

"కొడుకునే చంపాడు, స్వార్థం లేదు కదా" అంటారేమో. పక్షపాతం లేనంత మాత్రాన హత్య హత్య కాకపోదు.

యెరికో పట్టణపు సుంకరి జక్కయ్యను తలచుకోండి. జనాన్ని పీడించి ధనవంతుడైనవాడని అందరూ అసహ్యించుకున్నారు. ఆ మేడిచెట్టు కిందికి క్రీస్తునాథునికంటే ముందు సేనాపతి వచ్చివుంటే ఊరు చప్పట్లు కొట్టేది. పోయిన సొమ్ము మాత్రం ఎవరికీ దక్కేది కాదు. ప్రభువు వచ్చాడు కనుకనే జక్కయ్య ఆస్తిలో సగం పేదలకు ఇస్తాననీ, మోసపోయినవారికి నాలుగింతలు చెల్లిస్తాననీ మాట ఇచ్చాడు. మారే వ్యవధిని మూసివేసే హక్కు మనకు లేదు. 2018లో ఫ్రాన్సిస్ పాపుగారు సత్యోపదేశ గ్రంథాన్ని సవరించి, ప్రభుత్వాలు విధించే మరణశిక్షను సైతం అంగీకరించరాదన్నారు. ఇక ఒక వ్యక్తి కత్తి మాటేమిటి?

మీ పిల్లలు అడిగితే ఇలా చెప్పండి: సేనాపతి కోపం మంచిది, కత్తి చెడ్డది. మరి ఆ కోపాన్ని ఏం చేయాలి? 2018 చట్ట సవరణ తరువాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజులలో ఫిర్యాదు చేస్తే చట్టం వారిని కాపాడుతుంది. హాలులో చప్పట్లు కొట్టిన చేయి మర్నాడు కార్యాలయంలో బల్ల కింద కవరు అందించకూడదు. ఆ చేయి ఫిర్యాదు వ్రాయాలి.