మాకు ఒకటో తారీఖు లేదు

మా ఇంట్లో ఒకటో తారీఖు ఉండేది కాదు. గోడ మీద క్యాలెండర్లో ఉండేదిలెండి. మిగతా రోజులకీ దానికీ తేడా మాకు తెలిసేది కాదు, అంతే. అబ్బా బెజవాడ ఆటోనగర్లో లారీ క్యాబిన్లకి టింకరింగ్ చేసేవాడు. ఒక్కో క్యాబిన్‌కి ఇంతని గుత్తకు మాట్లాడుకునేవాడు. బండి షెడ్డులోంచి కదిలిన రోజే మాకు పండగ. ఓనరు సగం చేతిలో పెట్టి మిగతాది మళ్ళీ ట్రిప్పుకి ఇస్తానంటే, ఆ ట్రిప్పు తిరిగొచ్చే దాకా కిరాణా కొట్లో ఖాతా. పక్కింట్లో రైల్వే గుమాస్తా గారు ఒకటో తారీఖు సాయంత్రం మైసూర్‌పాక్ పొట్లంతో వచ్చేవారు. వాళ్ళ పిల్లలు మాకూ ఓ ముక్క పెట్టేవాళ్ళు. ఆ తీపితోనే నాకు ఒకటో తారీఖు తెలుసు.

అందుకే మా అమ్మీకి జీవితంలో ఒకటే దువా. కొడుక్కి పక్కా నౌకరీ రావాలి. మా బస్తీలో పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు కుర్రాడు నమాజు చదువుతాడా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, పర్మినెంటేనా?

నేను రెండు భాషల్లో బతికేవాణ్ణి కాబట్టి మాటలు పట్టుకుని వేలాడే జబ్బు ఉంది. ఉర్దూలో జీతాన్ని తన్‌ఖా అంటాం. ఫార్సీ నుంచి వచ్చింది. తన్ అంటే ఒళ్ళు. ఒంటికి కావలసింది అన్నమాట. తెలుగు జీతం జీవితంలోంచి వచ్చింది. రెండు భాషలూ ప్రాణం నిలబెట్టేదని గౌరవంగానే పేరు పెట్టాయి. మరి జీతగాడు అని చూడండి. డెల్టా పల్లెల్లో ఆ మాట పాలేరుకి చెల్లింది. ఏడాదికిన్ని బస్తాల వడ్లకి దొడ్లో పశువులతో పాటు కట్టుబడి ఉండేవాడు. నౌకరీ సంగతి చెప్పనే అక్కర్లేదు, నౌకరు చేసేది నౌకరీ. కూడూ కట్టుతాడూ ఒకే మాటలో ఉన్నాయి. ఆ తాడు కోసమే మేం క్యూలో నిలబడ్డాం.

సాయిబులకి చేతిపని పుట్టుకతోనే వస్తుందని, ఒకడి కింద పనిచేయడం వాళ్ళకి గిట్టదని మెచ్చుకోలుగా అనేవాళ్ళని చాలామందిని చూశాను. 2006 నవంబరులో సచార్ కమిటీ ఇచ్చిన లెక్క చూస్తే ఆ మెచ్చుకోలు చేదుగా ఉంటుంది. పట్టణాల్లో పనిచేసే ముస్లింలలో అప్పటికి 57 శాతం సొంతపని మీద బతికేవారు. హిందువుల్లో అది 43 శాతం. అప్పట్లో జనాభాలో 13.4 శాతం ఉన్న మేం రైల్వేలో 4.5 శాతమే, అందులోనూ దాదాపు అందరూ కింది మెట్ల మీదే. స్వతంత్రం మీద అంత మోజుంటే సుత్తి ఒక్కటే ఎందుకు పట్టుకుంటాం? అబ్బా ఉద్యోగం వద్దనుకుని ఆటోనగర్‌కి వెళ్ళలేదు. ఉద్యోగం అనేది ఒకటుంటుందని ఎవరూ ఆయనకి చెప్పలేదు.

బి.ఏ. అయ్యాక నేను ఓ పత్రికకి కంట్రిబ్యూటర్‌ని అయ్యాను. లైన్ అకౌంటు. అచ్చయిన వార్తలు కత్తిరించి, స్కేలు పెట్టి కొలిచి, నెలాఖరుకి పంపాలి. మేం రాసింది వార్త, వాళ్ళు కొన్నది పొడవు. ఆఫీసులో కుర్చీ లేదు, జ్వరమొస్తే సెలవు లేదు, కొట్లాటలో దెబ్బ తగిలితే మా మనిషి కాదంటారు. అబ్బాకి క్యాబిన్లు, నాకు సెంటీమీటర్లు. కొన్నేళ్ళకి డెస్క్ మీదికి తీసుకున్నారు. మొదటి తన్‌ఖా రోజున అమ్మీకి మైసూర్‌పాక్ తెచ్చాను.

ఇక్కడ రెండు సంగతులు పక్కపక్కన పెట్టాలి.

నా చిన్నప్పుడు ఓ లారీ ఓనరు అబ్బాతో బేరమాడుతూ, మీ పాకిస్తాన్ వాళ్ళంతా ఇంతే అన్నాడు. క్యాబిన్ సగం అయింది. అబ్బా సుత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని ఇంటికొచ్చేశాడు. చేసిన సగానికి కూడా పైసా అడగలేదు. ఆ నెల మేం పచ్చి పులుసుతో తిన్నాం.

డెస్క్ మీద నా చేతికి ఓ దొంగతనం వార్త వచ్చింది. నలుగురు నిందితులు. ముగ్గురికి పేర్లే ఉన్నాయి, నాలుగోవాడికి పేరుతో పాటు మతం కూడా. పైవాడు శీర్షికలోకి ఆ నాలుగోవాణ్ణే ఎక్కించాడు. దిద్ది పేజీకి పంపింది నేను. అక్షరదోషాలు లేకుండా దిద్దాను. అప్పటికి నెలలో ఇరవై అయిదో తారీఖు. పిల్ల ఫీజు కట్టాలి. గ్యాస్ వెల్డింగ్ వెలుగుకి పాడైన అబ్బా కళ్ళకి ఆపరేషన్ నా ఈఎస్ఐ కార్డు మీద చేయించాలి. చేయించాను కూడా. ఆయన చూపు నా మౌనంతో కొన్నదని ఆయనకి ఇప్పటికీ తెలియదు.

అయితే గుత్త పనివాడు స్వతంత్రుడు, జీతగాడు బానిస అనేద్దామా? అదీ అబద్ధమే. కంట్రిబ్యూటర్‌గా ఉన్నప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. విప్పితే మర్నాటి నుంచి నా వార్తలకి చోటు దొరకదు. అబ్బా లేచి రాగలిగింది పక్క షెడ్డులో ఇంకో లారీ ఉండబట్టి. పక్క లారీ లేని రోజున ఆయనేం చేసేవాడో నేను అడగలేదు.

పర్మినెంటు కూడా రాతిమీద రాత కాదు. ఉదయం పత్రిక 1984లో పుట్టి 1995లో మూతపడింది. 2004 సెప్టెంబరు ఒకటి నుంచి సర్కారు కొలువులో చేరినవాళ్ళకి పాత పింఛను లేదు. కానీ ఒక తేడా ఉంది. 2020లో కరోనా లాక్‌డౌన్ అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో కొంత వాయిదా వేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ బకాయిని 6 శాతం వడ్డీతో ఇమ్మంది. అదే లాక్‌డౌన్‌లో ఆటోనగర్ షట్టర్లు దించేస్తే పోయిన రోజులకి బాకీదారెవరు? ఎవరి మీద కేసు వెయ్యాలి? నా దృష్టిలో అసలు తేడా అక్కడుంది. చెడ్డరోజు ఎవరి ఖాతాలో పడుతుందన్నది. 2020 జనవరి ఒకటిన ఆర్టీసీలో 50 వేలకు పైగా మంది ప్రభుత్వోద్యోగులయ్యారు. అదే రూట్లలో అద్దె బస్సులు తోలే డ్రైవర్లు బయటే ఉండిపోయారు. అదే రోడ్డు, అవే గుంతలు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నా తమ్ముడి మెకానిక్ షాపు మునిగింది. పానాలు, కంప్రెషరు, జనం రిపేరుకిచ్చిన బళ్ళు, అన్నీ. ఆ బళ్ళ ఓనర్లకి జవాబు చెప్పుకున్నదీ వాడే.

వాడి కొడుకు ఇప్పుడు బండి మీద భోజనాలు మోస్తున్నాడు. కంపెనీ వాణ్ణి పార్ట్‌నర్ అంటుందట. పార్ట్‌నరంటే నవ్వొచ్చింది నాకు. మన ఫిఖ్‌హ్‌లో ముదారబా అని ఒక భాగస్వామ్యం ఉంది. ఒకడిది పెట్టుబడి, ఒకడిది కష్టం. లాభం ముందే ఒప్పుకున్న వాటా ప్రకారం ఇద్దరికీ. నష్టమొస్తే డబ్బు పోయేది పెట్టుబడివాడికి, కష్టం పోయేది పనివాడికి. ఈ కొత్త భాగస్వామ్యంలో పెట్రోలు వాడిది, బండి వాడిది, పడితే కాలు వాడిది. రోజీ ఇచ్చేవాడు అల్లాయే, నాకు సందేహం లేదు. పెట్రోలు ఖర్చు మాత్రం కంపెనీని అడగొచ్చు.

మొన్న ఆ కుర్రాడు ఓ సర్కారు నోటిఫికేషన్ పట్టుకొచ్చి, "బడే అబ్బా, రాయమంటారా?" అన్నాడు. రాయమన్నాను. మంచం మీంచి అబ్బా అడిగాడు, "ఎవడన్నా మాటంటే అక్కణ్ణించి లేచి రానిస్తారా?"

కుర్రాడు నా వంక చూశాడు. నేను ఫోనులో ఫీజు కడుతున్నాను. పరీక్ష తేదీ ఇంకా రాలేదు.