ఆహారశుద్ధి - జిహ్వాజయము

అన్నమునకును మనస్సునకును గల సంబంధమును ఉపనిషత్తులు మిక్కిలి స్పష్టముగా ప్రతిపాదించినవి. భుజింపబడిన అన్నము మూడు విధములుగ విభక్తమగునని ఛాందోగ్యమున ఉద్దాలక మహర్షి తన కుమారుడగు శ్వేతకేతువునకు ఉపదేశించెను. దాని స్థూలభాగము మలముగను, మధ్యమభాగము మాంసముగను, సూక్ష్మభాగము మనస్సుగను పరిణమించును. పెరుగును చిలికినప్పుడు అందలి సూక్ష్మాంశము వెన్నయై పైకి తేలుట ఇందులకు దృష్టాంతము. తండ్రి మాటతో మాత్రమే సరిపుచ్చలేదు. పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రమే త్రావుచుండుమని కుమారుని ఆజ్ఞాపించెను. పదునారవ దినమున వేదములను వల్లింపుమనగా శ్వేతకేతువునకు ఒక్కటియు స్ఫురింపలేదు. భుజించి వచ్చిన పిమ్మట అడిగినదెల్ల స్ఫురించెను. అన్నమయమే మనస్సు అను సత్యము ఆతనికి ఈ విధముగ అనుభవసిద్ధమయ్యెను.

కావున ఏది తినదగినది, ఏది తినరానిది అను ప్రశ్న వైద్యునికి మాత్రమే చెందినది కాదు, సాధకునికిని చెందినది. నేడీ ప్రశ్న ప్రతి గృహమునను వినవచ్చుచున్నది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన ననుసరించి, ఈ దేశమున మధుమేహ పీడితులు 10 కోట్లకు పైబడిరి. మరి 13 కోట్లకు పైగా జనులు ఆ వ్యాధి ముంగిట నిలిచియున్నారు. ఇవి కేవలము అంకెలు కావు. పెండ్లి పందిటిలో తన విస్తరిలోని లడ్డును ప్రక్కకు నెట్టి నిట్టూర్చు తండ్రియు, దేవుని ప్రసాదమును కన్నుల కద్దుకొని మనుమని చేతిలో నుంచు తాతయు ఆ అంకెలలోనివారే.

నిత్యము తినుచు త్రావుచునుండు వానిలో దేహమునకు అధికముగ కీడు చేయునవి ఏవి? వైద్యశాస్త్రము చెప్పు సమాధానమున అపూర్వ వస్తువేదియు లేదు. అన్నియు ఇంటి అలమరలోనో వీధి చివరి అంగడిలోనో ఉన్నవే.

మొదటిది చక్కెర, అందును త్రాగెడి చక్కెర. 300 మిల్లీలీటర్ల తీపి శీతలపానీయమున సుమారు 30 గ్రాముల చక్కెర, అనగా ఆరు చెంచాలు, కరగియుండును. చెరకు గడను నమలువానికి దవడలు అలయును, పిప్పి మిగులును, తృప్తి కలుగును. సీసాలోని తీపి ఏ శ్రమయు లేక గొంతు దిగును. కడుపు నిండినట్లు తోపదు. నెత్తురులోని చక్కెరను మాత్రము త్వరితముగ పెంచును. ఆహారమున చేర్చు చక్కెర మొత్తము శక్తిలో పదియవ వంతుకు మించరాదనియు, ఇరువదియవ వంతుకు లోబడినచో మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించెను. ఈ రెండవ హద్దు సామాన్యునకు దినమునకు 25 గ్రాములు. ఒక్క సీసాతోనే అది దాటిపోవుచున్నది.

రెండవది ఉప్పు. దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, లోబడియుండవలెనని ఆ సంస్థయే చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, వడియము, ఊరమిరప - వీనియం దుప్పు ఏడాది పొడవున పదార్థము చెడకుండుటకై చేర్చబడినది. నంజుకొనుటకు ఏర్పడిన వస్తువును ముద్దముద్దకును కలుపుకొనువాడు నిలువకై వేసిన ఉప్పునంతయు తన దేహమున నిలువచేసికొనుచున్నాడు. పొట్లములలో అమ్ము చిరుతిండ్ల ఉప్పు దీనికి తోడు. రక్తపోటు పెరుగుట, తన్మూలమున గుండెయు, మెదడును, మూత్రపిండములును దెబ్బతినుట దీని ఫలము.

మూడవది వికృతి చెందిన క్రొవ్వు. నేతికి బదులుగ చౌకలో లభించు వనస్పతి, నూనెలోనికి ఉదజని వాయువును పంపి గడ్డకట్టించినది. అట్లు చేయునప్పుడు పుట్టెడి ఒక జాతి క్రొవ్వు రక్తనాళములకు రెండు విధముల శత్రువు. చెడు కొలెస్టరాలును పెంచును, మంచిదానిని తగ్గించును. అందుచేతనే ఆహారపదార్థములలో దాని పాలు నూటికి రెండు వంతులకు మించరాదను నిబంధన ఈ దేశమున 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చెను. ఒకే నూనెను మరల మరల మరిగించి బజ్జీలు వేయు అంగడి మూకుడునకు సైతము ఈ హెచ్చరిక వర్తించును.

మద్యమును గూర్చి విస్తరించి చెప్పనక్కరలేదు. ఇంత త్రాగిన హాని లేదని చెప్పదగిన పరిమాణమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించెను. సురతో కలిసిన కచుని భస్మమును తెలియక త్రావిన శుక్రాచార్యుడు ఏనాడో ఆ సత్యమును గుర్తించి సురాపానమును శపించెనని మహాభారతము చెప్పుచున్నది. కాఫీ, తేనీరులు ఈ కోవలోనివి కావు. ఐనను భోజనముతో పాటు త్రావినచో అన్నములోని ఇనుము ఒంటబట్టనీయవు. కాబట్టి భోజనమునకు ఒక గంట ముందును, ఒక గంట తరువాతను వానిని మానుట, విశేషించి రక్తహీనత గల స్త్రీలకు, శ్రేయస్కరము.

తెలుగువారు మరువరాని చరిత్ర మరియొకటి గలదు. మరబియ్యము వాడుకలోనికి వచ్చిన పిమ్మట ఉత్తర సర్కారులలో బెరిబెరి అను వ్యాధి ప్రబలెను. కాళ్ళు పట్టుదప్పుట, శరీరము వాచుట, తుదకు గుండె ఆగుట దాని లక్షణములు. తెల్లని బియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, తవుడుతో కూడిన బియ్యము పెట్టగా అవి తేరుకొనుటయు పంతొమ్మిదవ శతాబ్ది చివర జావాద్వీపమున ఐక్‌మన్ అను వైద్యుడు గమనించెను. ఆతనికి 1929లో నోబెల్ బహుమానము లభించెను. ఈ వ్యాధిని శోధించుటకై 1918లో రాబర్టు మెకారిసన్ కూనూరులో ఒక చిన్న గదిలో ఆరంభించిన పరిశోధనమే క్రమముగ పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయ్యెను. తేలిన సత్యమేమి? జీవసత్త్వము తవుడులో నుండెను. మానవుడు తెలుపుపై మోజుతో దానిని పశువులకు వేసి, మిగిలినదానిని తాను తినెను. రూపమును వలచి సారమును పారవైచుట అనునది వంటయింట మాత్రమే జరుగు పొరపాటు కాదు.

శ్రీమద్భగవద్గీత పదునేడవ అధ్యాయమున ఆహారము త్రివిధముగ వర్ణింపబడినది. ఆయువును, బలమును, ఆరోగ్యమును, ప్రీతిని పెంచునది సాత్త్వికము. చేదు, పులుపు, ఉప్పు, వేడి, కారము మితిమీరి దుఃఖమును రోగమును తెచ్చునది రాజసము. చల్లారి, సారము తొలగి, పాచిపోయినది తామసము. ఇచ్చట శ్రీ శంకర భగవత్పాదులు చేసిన సూచన మిక్కిలి విలువైనది. 'అతి' యను శబ్దమును ఒక్క వేడికే గాక చేదు మొదలగు వానికన్నిటికిని చేర్చుకొనవలెనని వారు వ్యాఖ్యానించిరి. ఉప్పు దోషము కాదు, అతియే దోషము. పులుపు శత్రువు కాదు, అతియే శత్రువు. అన్నమును నిందింపరాదను వ్రతమును తైత్తిరీయోపనిషత్తు విధించినది. చెరకును సృజించిన ఈశ్వరుడు విషమును సృజింపలేదు. చెరకు విషమగునది మానవుని చేతిలోనే. ఆరంభమున అమృతమువలె నుండి పరిణామమున విషమగు సుఖమే రాజసమని గీతయందే అన్యత్ర చెప్పబడినది. మధుమేహమునకు ఇంతకన్న సరియైన నిర్వచనము దొరకుట కష్టము.

శ్రీ రామానుజాచార్యుల మతమున ఆహారమునకు దోషములు మూడు: జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము. వస్తువు స్వభావముచేత కలుగునది మొదటిది. ఎవని చేతినుండి వచ్చుచున్నదో వానివలన కలుగునది రెండవది. దుమ్ము, కేశము మొదలగువాని స్పర్శచేత కలుగునది మూడవది. పాలలో నీళ్ళు కలుపు వర్తకుడును, బిడ్డల బలహీనతయే తన లాభమని యెంచి రంగుకాగితములలో చక్కెరను అమ్మువాడును ఆశ్రయదోషమునకు నేటి నిదర్శనములు. ఈ మూడు దోషములను విశదపరచిన శ్రీ వివేకానందస్వామి, వంగభాషలో ప్రాచ్య పాశ్చాత్య జీవనములను పోల్చుచు వ్రాసిన వ్యాసములలో బజారు మిఠాయిలను, వేపుడు పదార్థములను తీవ్రముగ గర్హించిరి. వారును మధుమేహముచేత బాధపడినవారే. చివరి సంవత్సరములలో ఒక ఆయుర్వేద చికిత్సకై నీరు త్రావుట మానవలసి రాగా, దృఢసంకల్పము చేసికొనిన పిమ్మట నీటి తలంపే రాలేదని శిష్యునితో చెప్పిరి.

ఐనను ధర్మమునంతయు వంటకుండలో ఇముడ్చుట తగదని ఆ స్వామియే హెచ్చరించిరి. ఆహారమనగా ఇంద్రియములచేత గ్రహింపబడునదంతయు అని శంకరుల వ్యాఖ్య. ఉడికిన కూరలు మాత్రమే తినుచు పరనిందను రుచిగ ఆరగించువాడు పథ్యము చేయుచున్నవాడు కాడు. ఇతరుల విస్తరులలోనికి తొంగిచూచి అసహ్యించుకొనుటయు ఒక అపథ్యమే. స్థూలాహార శుద్ధియు, సూక్ష్మాహార శుద్ధియు రెండును కావలసినవే. మొదటిది సోపానము, రెండవది ఆరోహణము.

తెలిసినంత మాత్రమున చేయి ఆగదేమి? హానికరములగు వస్తువుల పట్టికను చదువనివాడు లేడు. చదివి మానినవారు కొందరే. శ్రీమద్భాగవతమున అవధూత చేపను గురువుగ గ్రహించెను. గాలమునకు గ్రుచ్చిన ఎరను ఆశించి అది ప్రాణములు కోల్పోవును. నిరాహారముచేత ఇతరేంద్రియములు లొంగునుగాని జిహ్వ మరింత విజృంభించుననియు ఆయన చెప్పెను. కాబట్టి ఒక దినము కఠినోపవాసము, మరునాడు రెట్టింపు భోజనము అను పద్ధతి జిహ్వాజయము కానేరదు. కావలసినది గీతోక్తమగు యుక్తాహారము. అది క్రమముగ అలవడవలసినది.

ఇందులకు బౌద్ధవాఙ్మయమున చక్కని నిదర్శనము గలదు. కోసలరాజగు ప్రసేనజిత్తు ద్రోణపరిమితమగు అన్నమును భుజించువాడు. ఒకనాడు అట్లు తిని, ఆయాసపడుచు బుద్ధభగవానుని సన్నిధికి వచ్చెను. భగవానుడు ఆతని నిందింపలేదు. మెలకువతో మితమెరిగి భుజించువానికి బాధలు తగ్గుననియు, ఆయువు నిలుచుననియు భావము గల ఒక గాథను మాత్రము చెప్పెను. రాజు తన వెనుక నిలిచిన సుదర్శనుడను బాలుని ఆ గాథను నేర్చుకొని ప్రతిదినము భోజనసమయమున వినిపింపుమని నియమించి, అందులకు వేతనము నేర్పరచెను. క్రమక్రమముగ ఆతని భోజనము నాళికా పరిమాణమునకు తగ్గెను. దేహము తేలికపడగా రాజు తన అవయవములను నిమురుకొనుచు, భగవానుడు తనకు ఇహమునను పరమునను మేలుచేసెనని సంతసించెను. ఇచ్చట గ్రహింపదగినది స్మృతి. రాజు వంటవానిని మార్చలేదు. తినునప్పటి మరపును మార్చుకొనెను.

పెద్దల బాధ్యత ఇంతకన్న గొప్పది. శ్రీరామకృష్ణ పరమహంస ఒక వైద్యుని కథ చెప్పుచుండెడివారు. దూరమునుండి వచ్చిన రోగికి మందిచ్చి, పథ్యము చెప్పుటకు మాత్రము మరియొకనాడు రమ్మనెను. ఆ రెండవనాడు బెల్లము తినవలదని చెప్పెను. ఈ ఒక్క మాటకై అతని నింత శ్రమపెట్టుటెందులకని ఒకరు ప్రశ్నింపగా, మొదటి దినమున తన గదిలోనే బెల్లపు కుండలుండెననియు, వానిని చూచిన రోగి తన మాటను నమ్మడనియు వైద్యుడు బదులు చెప్పెను. బిడ్డకు తీపి వలదని చెప్పు తల్లిదండ్రుల ఇంట ఆ కుండలు ఎచ్చట నున్నవో చూచుకొనవలయును. ఏడ్చు శిశువు నోట మిఠాయి నుంచుట ప్రేమయే. కాని ఆ ప్రేమ వెల నలువది యేండ్ల పిమ్మట ఆ శిశువే చెల్లింపవలసివచ్చును.

సాధకునకు మార్గము సులభముగనే యున్నది. భుజించుటకు ముందు అన్నమును ఈశ్వరునకు సమర్పింపవలయును. ప్రాణుల దేహములలో వైశ్వానరుడై నాలుగు విధములగు అన్నములను పచనము చేయువాడు తానేయని భగవానుడు చెప్పెను. దేవుని పీఠముపై నుంచుటకు సంకోచము కలిగించు వస్తువును లోపలి వైశ్వానరునకు వేల్చుట ఎట్లు తగును? ప్రసాదము మధురమైనను కణమాత్రము చాలును. కణమైనను అది ప్రసాదమే. యోగశాస్త్ర సంప్రదాయము ననుసరించి ఉదరమున సగము అన్నమునకును, పాతిక నీటికిని విడిచి, తక్కిన పాతిక వాయుసంచారమునకై ఖాళీగ నుంచవలయును. మౌనముగ, మెల్లగ, మెలకువతో భుజింపవలయును.

ఇంకొక సత్యము మరువరానిది. ఏది మానవలెనను చింత గలవాని వాకిటనే, ఏది దొరకునను చింతతో నిలిచినవాడొకడు గలడు. వానికి ఎన్నిక లేదు. చౌకగా లభించు తీపియు, మరిగిన నూనెయే వాని ఆకలికి దిక్కు. తన విస్తరిలో తగ్గించుకొనిన ముద్ద వాని చేతికి చేరినప్పుడు మితాహారము ఆరోగ్యసూత్రముగ మిగిలిపోక యజ్ఞమగును. జిహ్వను జయించినవానికి అన్నము అమృతము. ఆ అన్నమును పంచుకొనినవానికి అది సాక్షాత్తు బ్రహ్మము.