సైకిలెక్కితే యాత్రాఫలం పోతుందా?

తూర్పు కనుమలు సముద్రం అంచుదాకా వచ్చి ఆగిన చోటు విశాఖ తీరం. నగరం నుంచి భీమిలికి వెళ్లే బీచ్ రోడ్డు కైలాసగిరి పాదాన్ని ఒరుసుకుంటూ సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేట దాటి, ఎర్రమట్టి దిబ్బల పక్కనుంచి గోస్తని సముద్రంలో కలిసే చోటికి చేరుతుంది. కుడిచేతివైపు బంగాళాఖాతం, ఎడమచేతివైపు కొండలు, మధ్యలో మిట్టపల్లాల దారి. సైకిల్ తొక్కేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? అయితే ఇది వ్యాయామపు దారి మాత్రమే కాదు. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ బౌద్ధారామాలు ఈ కొండల మీదే ఉన్నాయి. ఆషాఢ పౌర్ణమి ముందురోజు అప్పన్న భక్తులు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టే 32 కిలోమీటర్ల సింహాచలం గిరిప్రదక్షిణ కూడా జోడుగుళ్లపాలెం దగ్గర ఈ సముద్రాన్ని తాకే వెళ్తుంది. మరి ఇదే దారిన సైకిల్ మీద, భక్తితోనే బయలుదేరిన మనిషి యాత్రికుడు అవుతాడా? కాలినడకన వెళ్తేనే ఫలం, చక్రం ఎక్కితే పోయినట్టే అన్న నమ్మకం మనలో బలంగా ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దాని వెనుక శాస్త్రం ఉంది, శాస్త్రం వెనుక కారణమూ ఉంది. ఆ కారణాన్ని తరచి చూస్తే సైకిల్ ఆ నిషేధం కిందికి రాదని నా వాదన.

మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం ఈ విషయంలో చాలా కఠినంగా మాట్లాడుతుంది. ఎద్దునెక్కి ప్రయాగకు వెళ్లేవాడికి నరకం తప్పదంటుంది. ఐశ్వర్యం వల్లనో, లోభం వల్లనో, మోహం వల్లనో వాహనమెక్కి వెళ్లినవాడి తీర్థయాత్ర నిష్ఫలమంటుంది. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఎద్దు. మన పుణ్యం కోసం మరో ప్రాణి మెడ మీద కాడి పెట్టడం పాపమన్నది మొదటి అభ్యంతరం. రెండోది, వాహనం ఎక్కే మనసు. కలిగినవాడినన్న గర్వంతో, నలుగురితో కలిసి మట్టిలో నడవలేక ఎక్కడం తప్పు. బౌద్ధుల వినయపిటకం కూడా ఇంచుమించు ఇదే మాట చెబుతుంది. పశువులు లాగే బండ్లలో కొందరు భిక్షువులు ఊరేగుతుంటే జనం ఈసడించుకున్నారట. అప్పుడు బుద్ధుడు భిక్షువులకు వాహనం కూడదన్నాడు. ఆ వెంటనే, జబ్బుపడిన భిక్షువుకు మాత్రం అనుమతించాడు. వాహనమే దోషమైతే ఈ మినహాయింపుకు తావుండదు. కదిలే చక్రంలో మైల ఏమీ లేదు. మన శ్రమను ఇంకొకరి మీదికి నెట్టడమూ, నెట్టి గర్వించడమూ దోషాలు. తొట్లకొండ మీద, రాతిలో తొలిచిన నీటి తొట్లను ఆనుకుని బతికిన భిక్షువులు భిక్ష కోసం ఈ కొండను కాళ్లతోనే దిగి ఎక్కి ఉంటారు. వారి నియమం సౌకర్యం మీద ద్వేషంతో పుట్టింది కాదు.

ఈ కొలతతో సైకిల్‌ను చూడండి. దానికి ఎద్దూ తొక్కేవాడే, బండివాడూ తొక్కేవాడే. తీసుకున్న ప్రతి అడుగుదూరానికీ ఖర్చు తన ఒంట్లోంచే కట్టాలి. చదునైన నేల మీద సైకిల్ మనిషికి మేలు చేస్తుందన్న మాట నిజమే. కిలోమీటరు నడవడానికి పట్టే శక్తిలో మూడో వంతు ఉన్నా చాలు, సైకిల్ మీద అంతే దూరం వెళ్లొచ్చు. కాని కొండతీరపు దారి ఆ రాయితీని రద్దు చేస్తుంది. ఎత్తు ఎక్కడానికి కావలసిన పనిని ఏ గేరూ తగ్గించలేదు. గేరు ఆ పనిని చిన్న చిన్న వాయిదాల్లోకి పంచుతుంది, అంతే. నడిచేవాడు తన బరువును మోస్తే, సైకిల్ మనిషి తన బరువుతో పాటు ఇనుము బరువునూ పైకి మోస్తాడు. తొట్లకొండ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 128 మీటర్లు. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలనుకుంటే, సముద్రం ఒడ్డునుంచి ఆ ఎత్తుకు చేరడానికి కావలసిన పని దాదాపు లక్ష జూళ్లు. తిన్నదానిలో నాలుగో వంతునే కండరం పనిగా మార్చగలదు కాబట్టి, ఆ ఎక్కుడుకు ఖర్చయ్యేది ఒక అరటిపండులో ఉన్నంత శక్తి. ఎక్కుతున్నప్పుడు గుండె కొట్టుకునే తీరుకూ ఈ లెక్కకూ పొంతన కుదరదు. శ్రమ విలువ దాని పరిమాణంలో లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అది మన ఒంటిదే అయి ఉండాలి, అదే ముఖ్యం.

ఈ ప్రశ్న ఇతర మతాలకూ ఎదురైంది. స్పెయిన్‌లో సెయింట్ జేమ్స్ సమాధి ఉందని నమ్మే సాంటియాగోకు వెళ్లే యాత్రికులకు అక్కడి చర్చి ధ్రువపత్రం ఇస్తుంది. నడిచేవారు కనీసం 100 కిలోమీటర్లు నడవాలి, సైకిల్ మీద వచ్చేవారు 200 కిలోమీటర్లు తొక్కాలి. ఆ యాత్రామార్గాల్లో ఉత్తర మార్గం ఒకటి. బిస్కే అఖాతం వెంట కొండలెక్కి దిగుతూ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా సాగుతుంది. చర్చి సైకిల్‌ను కాదనలేదు, దూరాన్ని మాత్రం రెట్టింపు చేసింది. జపాన్‌లోని షికోకు ద్వీపంలో, సముద్రం వెంట సుమారు 1,200 కిలోమీటర్ల చుట్టులో 88 ఆలయాలున్నాయి. అక్కడ నడిచొచ్చినవారికీ, సైకిల్ మీద వచ్చినవారికీ, బస్సులో వచ్చినవారికీ పుస్తకంలో పడే ముద్ర ఒక్కటే. నాకు షికోకు పద్ధతిలో ఔదార్యం, సాంటియాగో లెక్కలో నిజాయితీ కనిపిస్తాయి. గుడి తలుపు దగ్గర ఎవరినీ కొలవకూడదు. గుడిదాకా ఎలా వచ్చామో ఎవరికి వారు కొలుచుకోవాలి.

అభ్యంతరాలు లేకపోలేదు. వాటిలో బలమైనది: సైకిల్ తొక్కేవాడు సముద్రం చూడటానికి, ఆరోగ్యానికి వెళ్తున్నాడు, ఇందులో దేవుడెక్కడ? సరదాకు భక్తి పేరు పెట్టడం కాదా? సంకల్పం లేని సరదాను యాత్ర అనమని నేనూ అనను. కాని అందం భక్తికి శత్రువైతే మన పెద్దలు కొండకొమ్ముల మీద, నదీసంగమాల దగ్గర, సముద్రపుటొడ్డున గుళ్లెందుకు కట్టారు? శ్రమపడే ఒంటికి ఆ అందం ఇంకోలా తెలుస్తుంది. కారులో పోయేవాడికి అద్దం వెనుక నీలిరంగు కనిపిస్తుంది. ఎక్కుడులో ఊపిరి అందని మనిషికి గాలి ఎటునుంచి వీస్తోందో, ఎండు చేపల వాసన ఏ పల్లెదో, ముందున్న మలుపు ఎంత నిలువో తెలుస్తుంది. నైరుతి గాలి వీచే నెలల్లో భీమిలి వెళ్లేటప్పుడు వీపున తోసిన గాలే తిరుగుదారిలో ఎదురొచ్చి నిలుస్తుంది. వెళ్లేటప్పటి వేగమంతా తన బలమే అనుకున్నవాడికి అప్పుడు ఆ భ్రమ తొలగిపోతుంది. అహం తగ్గడమే సాధన అయితే, ఇది సాధన కాకుండా పోదు.

ఎదుటి వైపు నుంచి ఇంకో అభ్యంతరం వస్తుంది. కష్టమే పుణ్యమైతే ఒళ్లు హూనం చేసుకోవడమే భక్తా? కాదు. దేహాన్ని పీడించే తపస్సును గీత పదిహేడో అధ్యాయం నిందిస్తుంది. ఆరో అధ్యాయం మితమైన ఆహారవిహారాలనే కోరుతుంది. బుద్ధుడు భోగాన్నీ దేహదండననూ రెంటినీ వదిలాడు. మోకాలు చెడిన ముసలామె బస్సులో వచ్చి దండం పెడితే ఆమె ఫలంలో వీసం కూడా తగ్గదు. రోగి భిక్షువుకిచ్చిన అనుమతి ఆమెకూ వర్తిస్తుంది. ఇక బతుకుతెరువు కోసం సరుకు కట్టుకుని రోజూ ఇవే మిట్టలు తొక్కేవారి శ్రమకు భక్తి పేరు పెట్టే హక్కు మనకు లేదు. వారు కోరుకుని పడుతున్న కష్టం కాదది.

నన్ను నిజంగా కలవరపెట్టేది గర్వం. మత్స్యపురాణం చెప్పిన ఐశ్వర్యం నేడు సైకిల్‌లోకీ దూరింది. లక్షల ఖరీదు చేసే కార్బన్ సైకిల్, ఎవరికన్నా ఎన్ని సెకన్లు ముందు ఎక్కానో ఫోన్‌లో లోకానికి చూపించే ఆరాటం, దారిలో నడిచేవారిని తప్పుకోమని మోగించే గంట. ఇవి వచ్చిచేరితే సైకిల్ కూడా ఆ శ్లోకం శపించిన వాహనమే. సొంత కాళ్లతో తొక్కామన్న ఒక్క కారణంతో ఆ శాపం తప్పదు.

అందుకే గిరిప్రదక్షిణ రోజు నా తీర్పు సంప్రదాయం వైపే. ఆ సాయంత్రం నుంచి లక్షలమంది, చాలామంది వట్టి కాళ్లతో, ఆ 32 కిలోమీటర్లూ నడుస్తారు. ఆ జనంలో చక్రం తోవ అడుగుతుంది, తోవ అడగడమంటే ఇంకొకరిని ఆపడమే. కాబట్టి ఆ రోజు సైకిల్‌ను ఇంట్లో ఉంచి అందరితో కలిసి నడవండి. మిగిలిన రోజుల్లో అప్పన్నను తలచుకుని అదే చుట్టు సైకిల్ మీద తిరిగినా, తొట్లకొండ ఎక్కి తథాగతుడికి నమస్కరించినా, మీది యాత్రే.