తాను చేయని దానికి కాపరి లెక్క ఒప్పచెప్పవలెనా?

(చదువవలసిన వాక్యభాగము: 1 సమూయేలు 2:12–36, 3:1–18, 4:12–18)



యాజకుడైన ఏలీ నలువది సంవత్సరములు ఇశ్రాయేలీయులకు న్యాయము తీర్చెనని లేఖనము చెప్పుచున్నది. నలువది సంవత్సరములు చిన్న కాలము కాదు. ఈ మాసము ఆ భాగమును ధ్యానించుచుండగా, అమెరికా దేశమందు ఒకే కళాశాలలో నలువది ఆటకాలములు శిక్షకుడుగా నిలిచిన జాక్ పార్కర్ అను ఆయన సంగతి నా మనస్సునకు తట్టెను. పాస్టరుగారు ఆటల ముచ్చట ఏల ఎత్తిరని పెద్దలు అనుకొందురేమో. పౌలు భక్తుడే పరుగుపందెమును గూర్చి వ్రాయుటకు వెనుదీయలేదు గదా.

ఆయన నేర్పినది ఐస్ హాకీ. మనమెరిగిన హాకీ నేలమీద ఆడుదురు. ఇది గడ్డకట్టిన నీటిమీద ఆడు ఆట. బూట్ల అడుగున సన్నని ఉక్కు పట్టీలు బిగించుకొని ఆటగాండ్రు మంచుమీద జారుచు పోవుదురు. బంతికి బదులు గుండ్రని రబ్బరు బిళ్ల యుండును. చుట్టును నడుమెత్తు గోడ యుండును. ఎదుటివానిని భుజముతో ఢీకొనుట ఆ ఆటలో చెల్లును గనుక అపాయము ఎప్పుడును దగ్గరనే యుండును.

బోస్టన్ విశ్వవిద్యాలయమునకు మూలము 1839లో మెథడిస్టులు బోధకుల శిక్షణకై స్థాపించిన పాఠశాల. అక్కడనే చదివి, అక్కడనే ఆడిన పార్కర్ 1973 డిసెంబరులో, ఇంకను ముప్పది యేండ్లు నిండకమునుపే, జట్టుకు ప్రధాన శిక్షకుడాయెను. 2013లో విరమించుకొనువరకు ఆయన జట్లు 897 ఆటలు గెలిచెను. 1978, 1995, 2009 సంవత్సరములలో దేశపు కళాశాలలన్నిటిలో మొదటి స్థానము పొందెను. 1980 ఒలింపిక్ పోటీలలో రష్యావారిని ఓడించిన అమెరికా జట్టులో నలుగురు ఆయన చేతి క్రింద పెరిగినవారే. ఇంతవరకు వార్తాపత్రికలు వ్రాయు లెక్క.

ఇక వేరొక లెక్క యున్నది. 1995 అక్టోబరు 20వ తేదీ రాత్రి, గడచిన యేటి విజయమునకు గురుతుగా ఆటశాలలో పతాకము ఎత్తిరి. ఆ రాత్రియే ట్రావిస్ రాయ్ అను ఇరువది యేండ్ల యువకుడు ఆ కళాశాల పక్షముగా మొట్టమొదటిసారి మంచుమీద దిగెను. దిగిన 11 సెకండ్లకు, ఎదుటివానిని ఢీకొనబోయి అదుపు తప్పి, తల గోడకు తగిలి పడెను. మెడ యెముక చిట్లెను. కాళ్లు చేతులు చచ్చుబడెను. పిమ్మట కుడిచేయి మాత్రము కొంచెము కదలెను. చూచుచున్న తండ్రి మంచుమీదికి దిగివచ్చి కుమారుని ప్రక్కన మోకరించెను.

శిక్షకుడు చేసిన తప్పు అందులో ఏమియు లేదు. అయినను పార్కర్ ఆ యువకుని విడువలేదు. ఆసుపత్రిలోను, తరువాతి సంవత్సరములలోను అతనికి తోడుగా నిలిచెను. ఆ పిల్లవాడు చక్రముల కుర్చీలోనే కళాశాలకు తిరిగివచ్చి చదువు ముగించెను. తనవలె వెన్నుపూస దెబ్బతినిన వారికి సహాయము చేయుటకు ఒక సంస్థను స్థాపించి, పాతిక సంవత్సరములు బ్రదికి, 2020 అక్టోబరులో కన్ను మూసెను. ఇక ఆడలేని వానివలన జట్టునకు ఒక్క గెలుపైనను రాదు. అట్టివానిని తనవాడని యెంచుకొనిన శిక్షకునియందు నేను మంచి కాపరి గుణమును చూచుచున్నాను.

ఇక్కడ ముగించిన యెడల ఇది చదువుటకు సుఖమైన వ్యాసమగును. అయితే 2011 డిసెంబరులో ఒకడు, 2012 ఫిబ్రవరిలో మరియొకడు, అదే జట్టులోని ఇద్దరు ఆటగాండ్రు వేర్వేరుగా స్త్రీల విషయమైన నేరారోపణలపై అరెస్టు చేయబడిరి. న్యాయస్థానములో ఒకనిమీది కేసు ఎత్తివేయబడెను. రెండవవాడు తక్కువ నేరములను ఒప్పుకొనెను. విశ్వవిద్యాలయము నియమించిన సంఘము విచారించి, ఆ ఇద్దరితో సంగతి తీరలేదని చెప్పెను. పేరు ప్రతిష్ఠల మూలముగా, స్త్రీలు తమకు దక్కవలసినవారే అను భావము ఆటగాండ్రలో అలవాటాయెననియు, వారిమీద పర్యవేక్షణ చాలలేదనియు తెలిపెను. పార్కర్ శిక్షకుడుగా నిలిచెను గాని, ఆటల శాఖలో తనకున్న పెద్ద పదవిని వదులుకొనెను. మరుసటి యేడు ఉద్యోగమే విరమించెను.

ఏలీతో ఆయనను సమానము చేయుట న్యాయము కాదు. ఏలీకి కుమారుల క్రియలు తెలిసియుండెను; ప్రజలందరు వచ్చి చెప్పిరి. ఆయన మందలించెను గాని అడ్డగింపలేదు. అందుకే దేవుడు ఆయనను తప్పుపట్టెను. పార్కర్‌కు ఏమి తెలియునో, ఎంత తెలియునో తీర్పు తీర్చుటకు నేనెవడను? కాని ప్రశ్న అక్కడ తప్పిపోదు. తెలిసి ఊరకుండుట ఒక తప్పిదమైతే, అడుగకుండుట మాటయేమి? పిల్లవాడు మంచుమీద ఎట్లు నిలువవలెనో, ఎప్పుడు తిరుగవలెనో ప్రతిదినము గంటలకొలది చూచు కన్ను, దీపములు ఆరిన తరువాత అతడెక్కడ తిరుగునో చూడనక్కరలేదా? గెలుపు కొరకు అంత శ్రద్ధగా చూడగలిగినవాడు, చూచుట తన పని కాదని చెప్పలేడు. హెబ్రీ 13:17 నాయకులు ఆత్మల విషయమై లెక్క ఒప్పచెప్పవలెనని చెప్పునప్పుడు, కండ్లయెదుట జరిగిన దానికి మాత్రమే అని గీత గీయలేదు.

కొందరు ఇట్లనుదురు: ఒక ప్రక్క ట్రావిస్ రాయ్, ఒక ప్రక్క ఆ ఇద్దరు, త్రాసులో వేసి చూడుడి, మంచిదే బరువుగా నుండును గదా. ఈ మాట నాకు నచ్చదు. ఏలీ సమూయేలును చక్కగా పెంచెను. దేవుని స్వరమునకు ఎట్లు ఉత్తరమియ్యవలెనో ఆ బాలునికి నేర్పినవాడు ఆయనయే. ఆ మేలు మేలుగానే నిలిచెను. అయినను హొఫ్నీ ఫీనెహాసుల సంగతిలో దేవుడు దానిని చెల్లుబడిగా కట్టుకొనలేదు. అటు వారి సంగతి చూచి సమూయేలును పెంచిన మేలును కొట్టివేయనూ లేదు. రెండును వేర్వేరుగా వ్రాయబడెను. మన బోర్డింగు హాస్టళ్ల వార్డెనులును, పిల్లలను వారికి అప్పగించి వచ్చు తలిదండ్రులును ఈ అధ్యాయములను కలిసి చదువుట మంచిది.

2:22లో ఇంకొక సంగతి యున్నది. మనము త్వరగా దాటిపోవుచుందుము. ఏలీ కుమారుల పాపమునకు గురియైనవారు ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలు. వారి పేరులు వ్రాయబడలేదు. బోస్టనులో ఫిర్యాదు చేసిన స్త్రీల పేరులును ఆటల చరిత్రలో ఉండవు. 897 అను సంఖ్యలో వారికి చోటు లేదు. ఏలీ తన యింటికి కలుగబోవు తీర్పును బాలుడైన సమూయేలు నోట విని, మాట మరల్చలేదు, సాకు చెప్పలేదు, తన నలువది సంవత్సరములను ఎత్తి చూపలేదు. సెలవిచ్చినవాడు యెహోవాయే అని తల వంచెను.