వెలిసిపోయిన అంకెలు – ఏది బాగుచేయడం, ఏది అబద్ధం?

మా మావయ్యకి ఒక పాత అంబాసిడర్ కారు ఉంది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఈ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. మావయ్యది అంతకంటే చాలా పాత బండి. ఖల్లికోట నుంచి రంభకీ, బరంపురానికీ ఎన్ని పెళ్ళివారిని మోసిందో లెక్కలేదు. ఎండకి మీటర్ల మీద అంకెలు వెలిసిపోయాయి, ఎర్ర ముల్లు పాలిపోయింది. అమ్మే ముందు వాటిని బాగుచేద్దామని వేసవి సెలవుల్లో ఇద్దరం కూర్చున్నాం.

పని చిన్నదే గానీ ఓపిక కావాలి. చుట్టూ ఉన్న రింగు మెల్లగా విప్పాలి. ముల్లుని బలంగా లాగకూడదు. స్పీడోమీటరు లోపల అయస్కాంతం తిరుగుతుంటే అల్యూమినియం గిన్నె దాని వెంట తిరగబోతుంది, జుట్టులాంటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ స్ప్రింగు వంగిందంటే ముల్లు చెప్పే వేగమంతా తప్పే. నా చెయ్యి వణకదని అంకెలు దిద్దే పని నాకిచ్చాడు.

దిద్దుతుంటే అనుమానం వచ్చింది. పాతదాన్ని కొత్తగా కనిపించేలా చేస్తున్నాం కదా, ఇది మోసం కాదా? కాదనుకున్నాను. అంకె అక్కడే ఉంది, నేను పాత గీత మీదే కుంచె నడిపాను. బోర్డు మీద రాత చెరిగితే మాస్టారు మళ్ళీ దిద్దరా?

కానీ ఇంజను వేడి చూపే మీటరులో ఎర్ర గీత జాడే లేదు.

"ఎక్కడో ఒకచోట గీసెయ్‌రా" అన్నాడు మావయ్య.

నా చెయ్యి ఆగిపోయింది. రేపు ఎవరో ఆ గీతని నమ్మి బండి నడుపుతారు. చివరికి ఇంజను దగ్గరుండే సెన్సారు విప్పి, వైర్లు కలిపి, మరిగే నీళ్ళలో ముంచాం. ముల్లు ఆగిన చోట పెన్సిలు గుర్తు పెట్టాను. అక్కడే ఎరుపు వేశాను. దానికి మావయ్య కూడా మెచ్చుకున్నాడు.

అసలు గొడవ కిలోమీటర్ల దగ్గర వచ్చింది. మా బండి మీటరుకి ఐదంకెలే. 99,999 దాటితే మళ్ళీ సున్నాలే. మేము ఆ అంకెలు ముట్టుకోలేదు. బరంపురం నుంచి వచ్చినాయన చూసి, "ముప్పై ఎనిమిది వేలేనా! బాగా తక్కువ తిరిగిందే" అన్నాడు. మావయ్య నవ్వి ఊరుకున్నాడు. అబద్ధం ఆడలేదు, నిజమే. కానీ ధర్మరాజు కూడా ఏనుగు అన్న మాట పైకే అన్నాడు, కాకపోతే మెల్లగా అన్నాడు. అందుకే నేలకి తగలకుండా నడిచే ఆయన రథం నేల మీదికి దిగిపోయిందంటారు.

"ఒక చుట్టు తిరిగొచ్చిందండీ" అన్నాను నేను.

బేరం ఐదు వేలు తగ్గింది. మావయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెద్దవాళ్ళ బేరంలో నీకేంటి పని అని అమ్మ కూడా తిట్టింది. చెప్పినందుకు నాకు బాధ లేదు. కానీ పోయిన డబ్బు నాది కాదు, మావయ్యది. అది మాత్రం నాకింకా తేలలేదు.