ముందు వినడం నేర్చుకో బిడ్డా

వకీలు చదువు చదువుతానన్నావట. సంతోషం బిడ్డా. రా, అరుగు మీద కూర్చో. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు.

"నీకు మంచి నోరుంది, వకీలువైతావు" అని నలుగురూ అంటే నీకు ఈ ఆశ పుట్టింది. నోరు మంచిదే, కాదనను. కానీ కోర్టులో కేసును నిలబెట్టేది కాగితం. ఏ కాగితం వెతకాలో తెలియాలంటే మనిషి చెప్పేది మొదటినుంచి చివరిదాకా వినాలి. నువ్వేమో సగం మాట వినగానే జవాబు చెప్తావు. నీ మనసు మంచిదే, తొందరే ఎక్కువ.

మన నారాయణపేట సరిహద్దు ఊరు. రేపు నీ దగ్గరికి వచ్చే ముసలాయన కన్నడం కలిపి మాట్లాడతాడు, ఇంకొకరు మరాఠీ కలుపుతారు. మూటలోంచి తీసే పాత భూమి రికార్డు, సేత్వారు, ఉర్దూలో ఉంటుంది. విసుక్కోకు. సెలవుల్లో ఉర్దూ అక్షరాలు దిద్దుకో. మన పాత జిల్లాలోనే, కల్వకుర్తి వైపు పడకల్లులో 1899లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు వకీలే. తెలుగు, ఉర్దూ, మరాఠీ, ఫారసీ, సంస్కృతం అన్నీ నేర్చారు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. నలుగురి భాష నేర్చినవాడికి నలుగురి గోడు అర్థమవుతుంది.

మా ఇంటి గెట్టు కేసు సంగతి చెప్తా విను. మా వకీలు తొందరలో వాయిదా తారీఖు తప్పు రాసుకున్నాడు. పేషీనాడు మా తరఫున ఎవరూ నిలబడలేదు, కేసు కొట్టేశారు. దాన్ని మళ్లీ తెరిపించడానికి మా నాయిన రెండేళ్లు తిరిగాడు. తప్పు ఒక్క అంకెదే బిడ్డా. ఆయన చెడ్డవాడు కాదు, నీలాగే తొందరమనిషి.

మన నారాయణపేట మగ్గం చూశావు కదా. ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు నేస్తారు. పడుగులో పోగు తప్పితే ఆ తప్పు చీర చీరలోనూ కనిపిస్తుంది. నీ మొదటి ఏళ్లు ఆ పడుగు లాంటివి. ఫైలు పూర్తిగా చదవడం, తారీఖు రెండుసార్లు చూసుకోవడం, కక్షిదారు గుట్టు చాయ్ హోటల్లో విప్పకపోవడం అప్పుడే అలవాటు కావాలి.

లాసెట్ రాసి ఇంటర్ మీద అయిదేళ్లో, డిగ్రీ మీద మూడేళ్లో చదువుతావు. తర్వాత బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు, ఆపైన బార్ పరీక్ష. నమోదుకు చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి గుంజొద్దని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలే. జడ్జి కావాలన్నా ముందు మూడేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలని 2025లో తేల్చింది. చూశావా, అక్కడా తొందర పనికిరాదు. జూనియరుగా ఉన్నన్నాళ్లు చేతికొచ్చేది తక్కువ. ఆ మాట మీ అమ్మకూ నాయినకూ ఇప్పుడే చెప్పు. నల్లకోటు వేసుకోగానే అప్పు చేసి కారు కొనకు. అప్పున్న వకీలుకు రాజీ మాట నోట రాదు.

ఆ రాజీ మాటే అన్నిటికన్నా పెద్దది. అన్నదమ్ములు గెట్టు కోసం వస్తే లోక్ అదాలత్ సంగతి చెప్పు. అక్కడ తేలితే అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. భూమి రికార్డుల కోసం తెచ్చిన భూభారతి చట్టాన్ని 2025 ఏప్రిల్‌లో ముందుగా మొదలుపెట్టిన నాలుగు మండలాల్లో మన జిల్లాలోని మద్దూరు ఒకటి. భూమి తగాదాలు మన దగ్గర ఎంతున్నాయో నీకే తెలుసు. అన్నదమ్ములను కోర్టు మెట్లెక్కించడం తేలిక. పండుగకు మళ్లీ ఒక్క బంతిలో కూర్చోబెట్టడమే కష్టం.

2022 జూన్ 2 నుంచి మన పేటలోనే జిల్లా కోర్టు ఉంది. కాలేజీ లేని రోజు పోయి వెనక బెంచీ మీద కూర్చో. ఒక్క మాట మాట్లాడకు, సాయంత్రందాకా విను. వచ్చి ఇదే అరుగు మీద నాకు చెప్పు, ఎవరి గోడు ఏమిటో. అప్పుడు నేను వింటాను.