పరిగె బీదలది
(ధ్యానభాగములు: లేవీయకాండము 19:9-10; రూతు 2వ అధ్యాయము)



మా గ్రామములో దేవాలయపు వసారాలో సాయంకాలపు బడి నడుచుచున్నది. ఫీజు లేదు, పలకలు, పుస్తకములు సంఘమే యిచ్చును. కూలివారి పిల్లలు అక్కడ చదువుకొందురు. గడచిన సంవత్సరము కోతపండుగనాడు ఆ పిల్లలను సంఘము ఎదుట వరుసగా నిలువబెట్టి, చందాలిచ్చిన పెద్దలకు చేతులు జోడించి వందనములు చెప్పించితిని. పెద్దలందరు సంతోషించిరి. మరునాటినుండి ఒక చిన్నది బడికి రాలేదు. నేను వారి యింటికి పోగా ఆమె తల్లి, "అయ్యగారూ, అందరి ముందర మమ్మల్ని బిచ్చగాళ్లను చేసినారని పిల్ల ఏడుస్తున్నది" అనెను. నాకు మాట రాలేదు.

ఉచితముగా ఇచ్చినవారికి కృతజ్ఞతను అడుగు హక్కు కలదా? ఈ ప్రశ్న ఆ దినమునుండి నన్ను విడువలేదు.

చేని యజమాని తన పొలపు ఓరలను కోయక విడువవలెననియు, రాలిన పరిగెను తాను ఏరుకొనరాదనియు ధర్మశాస్త్రము చెప్పుచున్నది. అది బీదలది, పరదేశులది. గమనించుడి: దయ చూపుమని దేవుడు అతనిని బ్రతిమాలలేదు, ఆజ్ఞాపించెను. ఓర విడిచినవాడు దాత కాడు. ఆజ్ఞకు లోబడినవాడు మాత్రమే. బోయజు ఇంకను ముందుకు పోయెను. రూతును సిగ్గుపరచవద్దనియు, ఆమెకొరకు పనలలోనుండి కొన్ని వెన్నులు కావలెననియే జారవిడువుడనియు పనివారికి చెప్పెను. ఇచ్చుటలో ఎంత మర్యాద!

"మా కష్టార్జితమును మేము ఇచ్చుచున్నాము గదా" అని ఒకరు అనవచ్చును. ఆ పొలమును దున్నినవాడును యజమానియే. అయినను ఓర అతనిది కాలేదు. చదువును అట్టిదే. మన దేశపు శాసనము సహా దీనిని ఒప్పుకొన్నది. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ 6 మొదలు 14 ఏండ్లవరకు గల పిల్లలకు ఉచిత విద్యను ప్రాథమిక హక్కుగా చేసెను. అందుకై 2009లో చేసిన చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. హక్కును భిక్షవలె పంచుట తగునా?

ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ పట్టణములో జాన్ పౌండ్స్ (1766-1839) అను చెప్పులు కుట్టువాడుండెను. చిన్నతనములో ఓడల రేవులో పనిచేయుచు క్రిందపడి వికలాంగుడాయెను. అతడు తన యిరుకు కొట్టులో వీధిపిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని, చెప్పులు కుట్టుచునే వారికి ఉచితముగా చదువు చెప్పెను. ఆకలిగొన్న పిల్లలను రప్పించుటకు వేడి బంగాళాదుంపలు చేతబట్టుకొని వారి వెంట తిరిగెను. అక్కడ బ్రతిమాలినవాడు బీదవాడు కాదు, గురువే!

కృతజ్ఞత మంచిది కాదని నేను చెప్పుటలేదు. స్వస్థపడిన పదిమంది కుష్ఠరోగులలో తొమ్మండుగురు ఎక్కడనని ప్రభువు అడిగెను. అయితే వారు దేవుని మహిమపరచవలెనని కోరెను. కృతజ్ఞత తనంతట పుట్టవలెను. దానిని వసూలు చేసినయెడల అది వడ్డీ యగును.

ఆ తల్లియొద్దను, పిల్లయొద్దను నేను క్షమాపణ అడిగితిని. కొన్నిదినములకు చిన్నది తిరిగి వచ్చెను. అయినను ఇంకను వెనుక వరుసలోనే కూర్చుండుచున్నది. ఈ యేటి పండుగలో బడిపిల్లలను ముందుకు పిలువలేదు. వారు తమ తలిదండ్రుల ప్రక్కనే కూర్చుండిరి.

చందాలిచ్చు సహోదరులారా, ఇచ్చుట మానకుడి. అయితే మీ పొలపు ఓర ఎవరిదో మరువకుడి. ప్రభువు మనకు బోయజు మనస్సు దయచేయునుగాక. ఆమేన్.